ఊదిన తరవాత రెండు గంటలు

రాత్రి తొమ్మిది దాటాక శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం కోట జంక్షన్‌లోనో, హైవే మీద మడపాం, నాతవలస టోల్‌గేట్ల దాపునో బారికేడ్లు అడ్డం పెట్టి బండ్లు ఆపుతున్నారంటే సంగతేమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానిస్టేబులు ప్లాస్టిక్ కవరు చింపి చిన్న తెల్లటి గొట్టం తీసి మిషన్‌కు తగిలిస్తాడు. “ఊదు. ఇంకా ఊదు. ఆపకు.” మిషన్ కీచుమంటుంది, అంకె వస్తుంది, వెనకే సన్నటి కాగితం చీటీ బయటికొస్తుంది. సంతకం పెట్టమంటారు. బండి తాళం అప్పటికే వాళ్ళ చేతిలో ఉంటుంది.

కొన్నాళ్ళకు కోర్టు. మేజిస్ట్రేటు గది బయట వరండాలో ఆటో డ్రైవర్లు, తాపీమేస్త్రీలు, పెళ్ళి విందుకెళ్ళి దొరికిపోయిన కుర్రాళ్ళు వరసగా నిలబడతారు. పక్కవాళ్ళ సలహా ఎప్పుడూ ఒకటే: “ఒప్పీసుకో బావా, ఫైను కట్టీసి ఎల్లిపోదుం. పనొగ్గీసి ఎన్నిసార్లు తిరుగుతాం?” పేరు పిలుస్తారు. తాగి నడిపావా అని అడుగుతారు. నడిపానండి అంటాడు. ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషంలో తను ఏం వదులుకున్నాడో ఆ మనిషికి చెప్పేవాళ్ళు అక్కడ ఉండరు.

ముందే ఒక మాట. తాగి బండి నడిపినవాడిని వెనకేసుకురావడానికి ఇది రాయడం లేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు మంటల్లో చిక్కుకుని నిద్రలో ఉన్న ప్రయాణికులు సజీవంగా కాలిపోయారు. దానికి ముందు అదే రోడ్డు మీద ఒక మోటారు సైకిలు పడిపోయింది, బస్సు దాన్ని ఢీకొంది. ఆ మోటారు సైకిలు నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఒక్కడి తాగుడు ఎన్ని ఇళ్ళను ఆర్పేస్తుందో అంతకన్నా చెప్పాల్సింది లేదు. అయినా, కాదు, అందుకే, తనిఖీ చట్టప్రకారం జరగాలని అడగాలి. సరిగ్గా రాయని కేసులో నిజంగా తాగినవాడు తప్పించుకుంటాడు. తాగనివాడు, లేదా పరిమితి లోపల ఉన్నవాడు, లాయరును పెట్టుకోలేక తలొంచుతాడు.

ఇక అసలు ప్రశ్న. నన్ను ఆపడమే చట్టవిరుద్ధం, కాబట్టి కేసు చెల్లదు అని వాదించవచ్చా?

మన దగ్గర ఈ వాదన చాలామంది నోట వినిపిస్తుంది. సినిమాల నుంచి కొంత, అమెరికాలో ఉన్న బంధువుల నుంచి కొంత వచ్చింది. అమెరికాలో ఇది నిజంగానే బలమైన వాదన. అక్కడి రాజ్యాంగం నాలుగో సవరణ అకారణ సోదాలను, నిర్బంధాలను నిషేధిస్తుంది. ఏ అనుమానమూ లేకుండా ఒక కారును ఊరికే ఆపకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1979లో ప్రౌజ్ కేసులో చెప్పింది. అందరినీ ఒకే పద్ధతిలో ఆపే తనిఖీ కేంద్రాలకు మాత్రం 1990లో సిట్జ్ కేసులో అనుమతిచ్చింది. చట్టవిరుద్ధంగా ఆపి సేకరించిన సాక్ష్యాన్ని కోర్టు పక్కన పెట్టేస్తుంది కాబట్టి, ఆపడం తప్పని తేలితే ఊదిన అంకె కూడా చాలాసార్లు దానితో పాటే పోతుంది. మన జిల్లాల నుంచి చదువుకీ ఉద్యోగానికీ అక్కడికి వెళ్ళిన పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాగి నడిపి అరెస్టయినవారి వీసాను శిక్ష పడేదాకా ఆగకుండానే రద్దు చేసే విధానం పాటిస్తోంది. అక్కడ కేసు గెలిచినా వీసా కథ వేరుగా నడుస్తుంది.

మన చట్టం దారి వేరు. సాక్ష్యం ఎలా వచ్చిందన్నదాని కన్నా, అది కేసుకు సంబంధించినదా కాదా అన్నదే మన కోర్టులు చూస్తాయి. ఆదాయపు పన్ను సోదాల మీద వచ్చిన పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఇదే. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన కాగితాలు సాక్ష్యానికి పనికిరాకుండా పోవు. మాదకద్రవ్యాల చట్టం విషయంలో 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో ఒంటి సోదా నిబంధన తప్పితే ఆ దొరికిన సరుకుతో నేరం రుజువు చేయకూడదన్నారు కానీ, అది ఆ చట్టంలో ఉన్న ప్రత్యేక రక్షణను బట్టి వచ్చిన తీర్పు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి తీర్పు చెప్పాక ఈ పాత సిద్ధాంతాన్ని మళ్ళీ తూచి చూడాలన్న వాదన బలపడుతోంది. అయినా, నరసన్నపేటలోనో చీపురుపల్లిలోనో మేజిస్ట్రేటు ముందు నిలబడిన మనిషి ఆ ఒక్క వాదనను నమ్ముకుంటే నిలదొక్కుకోలేడు.

పైగా ఆపే అధికారం పోలీసులకు ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 119వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్‌ను నియంత్రిస్తున్న పోలీసు అధికారి ఆదేశాన్ని డ్రైవరు పాటించాలి. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. కాబట్టి బారికేడు దగ్గర ఆపడం మీద పోరాటం సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. అసలు పోరాటం ఆపాక మొదలవుతుంది.

ఊదించడానికి సంబంధించింది 203వ సెక్షన్. అందులో మాటలు జాగ్రత్తగా చదవాలి. యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి, లేదా ఆ అధికారం ఇచ్చిన రవాణా శాఖ అధికారి, బహిరంగ స్థలంలో నడుపుతున్న లేదా నడపబోతున్న వ్యక్తిని ఊదమని అడగవచ్చు. ఎప్పుడు? అతను తాగి నడిపాడని, అంటే 185వ సెక్షన్ నేరం చేశాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉన్నప్పుడు. అంటే చట్టం రాసినవాళ్ళ ఉద్దేశం దారిన పోయే ప్రతివాడి నోట్లో గొట్టం పెట్టమని కాదు. వాసన వచ్చింది, మాట తడబడింది, బండి అటూ ఇటూ ఊగింది అని అధికారి ముందు గమనించాలి, దాన్ని రాతలో పెట్టాలి. చార్జిషీటులో ఆ కారణం ఒక్క వాక్యమైనా ఉందా అని లాయరు మొదట చూడాల్సింది అందుకే. అది లేకపోతే ప్రాసిక్యూషన్ బలం తగ్గుతుంది. ఆ లోటు ఒక్కదాని మీదే కేసు కొట్టుడుపోతుందని ఎవరికీ భరోసా ఇవ్వకూడదు. మిగతా లోపాలతో కలిపి చూపితేనే కోర్టు చెవిన పడుతుంది.

ఊదనని మొండికేస్తే? అది తెలివైన పని కాదు. సరైన కారణం చూపకుండా నిరాకరిస్తే, 205వ సెక్షన్ ఆ నిరాకరణను ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి ఊతంగా తీసుకోనిస్తుంది. అనుమానానికి కారణం ఉంటే అరెస్టు కూడా చేయవచ్చు.

మిషన్ గురించి. 185వ సెక్షన్ పెట్టిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. అది దాటితేనే నేరం. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఈ గీత 80 దగ్గర ఉంది, స్కాట్లండ్ 2014లో 50కి దించింది. మన గీత వాటికన్నా కఠినం, నా ఉద్దేశంలో అది సరైనదే. కానీ గీత అంత కిందికి ఉన్నప్పుడు కొలిచే యంత్రం అంత కచ్చితంగా ఉండాలి. మిషన్ రక్తాన్ని చూడదు. ఊపిరిని చూసి, దాన్ని సగటు నిష్పత్తితో గుణించి రక్తంలో ఇంత అని లెక్కగడుతుంది. ఇప్పుడే గుటక వేసినవాడి నోట్లో మిగిలిన మందు, హోమియో చుక్కలు, కొన్ని దగ్గు సిరప్పులు కాసేపు అంకెను పైకి లాగుతాయి. పావుగంట ఆగి మళ్ళీ ఊదించడం అందుకే మంచి పద్ధతి. కల్లు కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. తాటికల్లైనా జీలుగు కల్లైనా మిషన్‌కు ఆల్కహాలు ఆల్కహాలే.

ఆ చిన్న చీటీని ఒకసారి దగ్గరగా చూడండి. మిషన్ క్రమసంఖ్య, పరీక్ష సంఖ్య, తేదీ, సమయం, అంకె. వాటికి తోడు, మంచి యంత్రమైతే, మనిషి ఊదకముందు ఖాళీ గాలితో చేసిన పరీక్ష ఫలితం కూడా ఉంటుంది. అది సున్నా ఉండాలి. సున్నా లేకపోతే అంతకుముందు ఊదినవాడి ఊపిరో, చుట్టూ ఉన్న వాసనో లోపల మిగిలి ఉందన్నమాట. 2025లో కేరళ హైకోర్టు సరిగ్గా ఈ కారణం మీద ఒక కేసు కొట్టేసింది. ఖాళీ పరీక్షలో 0.000 చూపని యంత్రం ఆ తరవాత ఇచ్చిన అంకెను నమ్మలేమంది. 203వ సెక్షన్ వివరణ ప్రకారం ఆ యంత్రం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకమై ఉండాలి. చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేషన్ చేశారో సర్టిఫికెట్ అడగవచ్చు. చీటీ కంప్యూటరు నుంచి వచ్చిన ప్రింటు కాబట్టి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉందా అన్నదీ చూడాలి. చీటీ మీద సమయం, ఎఫ్ఐఆర్‌లో సమయం, కానిస్టేబులు కోర్టులో చెప్పే సమయం మూడూ ఒకదానికొకటి పొసగకపోవడం నేను పెద్ద సంగతిగానే చూస్తాను. అర్ధరాత్రి అరవై మందిని ఆపిన చోట చీటీలు తారుమారైతే నష్టపోయేది ఊదినవాడే.

ఇక రెండు గంటలు. 202వ సెక్షన్ ప్రకారం 185 కింద అరెస్టు చేసిన వ్యక్తిని అరెస్టయిన రెండు గంటల లోపు రిజిస్టరు అయిన డాక్టరు చేత వైద్య పరీక్ష చేయించాలి. చేయించకపోతే కస్టడీ నుంచి విడిచిపెట్టాలి. 204వ సెక్షన్ కింద పోలీసు స్టేషన్‌లో రక్తం నమూనా అడగవచ్చు. నిందితురాలు మహిళ అయితే మహిళా డాక్టరు, లేదా మరో మహిళ సమక్షంలో తీయాలి. చూడటానికి చిన్న నిబంధన, మన జిల్లాలో పెద్ద పరీక్ష. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. హైవే మీద రాత్రి పదకొండుకు పట్టుబడిన మనిషిని జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళాలంటే ఆ రెండు గంటలూ దారిలోనే కరిగిపోతాయి. కానీ చట్టం జిల్లా ఆసుపత్రి అనలేదు, రిజిస్టరైన డాక్టరు అంది. సోంపేట, పలాస, టెక్కలి ఆసుపత్రుల్లో డ్యూటీ డాక్టరు సరిపోతారు. తీసిన రక్తాన్ని విశాఖపట్నంలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపవచ్చు. రోజుల తరబడి రిపోర్టు రాకపోయినా, నమూనా తీసిన సమయం రాసి ఉంటే దానికి విలువ ఉంటుంది.

ఈ నిబంధనను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పకూడదు. రెండు గంటలు దాటితే కేసు పోతుందని చట్టం అనలేదు, మనిషిని వదలమంది. అరెస్టే చూపించకుండా నోటీసు ఇచ్చి పంపేస్తే ఈ సెక్షన్ అడ్డు రాదని పోలీసులు వాదిస్తారు. అందుకని నా సలహా ఒకటే. అంకె తప్పని మీకు నమ్మకం ఉంటే, పోలీసుల కోసం చూడకుండా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళి మీరే రక్తం ఇవ్వండి, రసీదు మీద సమయం వేయించుకోండి. ఆలస్యం పనికిరాదు. శరీరం గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల ఆల్కహాలును కరిగిస్తుంది. రాత్రి పదికి 45 ఉన్నవాడికి పదకొండుకు 30, ఒంటిగంటకు ఏమీ ఉండదు. తెల్లారి ఇచ్చిన రక్తం ఎవరి పక్షమూ నిలబడదు.

శరీర లక్షణాలు చూసి తాగాడని తేల్చేయడం మీద సుప్రీంకోర్టు 1971లోనే హెచ్చరించింది. మహారాష్ట్రకు చెందిన ఒక ప్రమాదం కేసులో నోరు వాసన రావడం, నడక తూలడం, కనుపాపలు పెద్దవి కావడం లాంటివి ఒక్కటీ తిరుగులేని రుజువు కాదని, రక్తమో మూత్రమో పరీక్షించి ఉండాల్సిందని చెప్పింది. అదే తీర్పును పట్టుకుని తెలంగాణ హైకోర్టు 2025లో ఒక ఆర్టీసీ డ్రైవరుకు ఊరటనిచ్చింది. డిపోలో ఊదించిన అంకె చూసి అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. హోమియో మందు వేసుకున్నానని అతను మొదటి నుంచీ చెబుతున్నాడు. రక్త పరీక్ష లేకుండా బ్రీత్ ఎనలైజర్ రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయించడం కుదరదని కోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. అది ఉద్యోగం కేసు, క్రిమినల్ కేసు కాదు. పైగా 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు వచ్చాక తెలంగాణ తీర్పు మన మేజిస్ట్రేట్లను కట్టిపడేయదు. కానీ చదివి వినిపించవచ్చు, వినడానికి కోర్టులు సిద్ధంగానే ఉంటాయి.

బండి సంగతికొస్తే, ఇక్కడ ఎక్కువమందికి తెలియని మాట ఒకటుంది. 207వ సెక్షన్ కింద బండిని ఆపి ఉంచుకోవడానికి లైసెన్సు లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటి కారణాలు ఉన్నాయి. తాగి నడపడం అందులో లేదు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఒకే తరహా పిటిషన్లను కలిపి విని ఈ మాటే చెప్పింది. తాగినవాడిని నడపనివ్వకూడదు, అది సరే. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇచ్చేయాలి. ఎవరూ లేకపోతే బంధువులకు కబురు పంపాలి. వాళ్ళూ రాకపోతే తాత్కాలికంగా స్టేషన్‌లో పెట్టి, కాగితాలు చూపించిన యజమానికి అప్పగించాలి. లైసెన్సు విషయంలో మాత్రం కథ తిరగబడింది. 2019 సవరణ 206వ సెక్షన్‌లో పెట్టిన కొత్త ఉపసెక్షన్ ప్రకారం 185 కేసులో పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని, రసీదు ఇచ్చి, రవాణా శాఖకు పంపాలి. చట్టం తీసుకోమన్నది లైసెన్సును, మన రోడ్ల మీద ముందు పోయేది తాళం. ఆటో మీద బతికేవాడికి నాలుగు రోజులు బండి స్టేషన్‌లో ఉండటం అంటే కూలి, కిస్తీ రెండూ పోవడం. కోర్టు వేయకముందే పడిన శిక్ష అది.

శిక్ష ఎంత? 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఈ నేరాన్ని రోడ్డు మీద చలానా కట్టి ముగించుకోవడం కుదరదు. రాజీకి వీలున్న నేరాల జాబితాలో 185 లేదు. కాబట్టి బారికేడు దగ్గర డబ్బు అడిగితే అది జరిమానా కాదు. మొదటిసారి నేరానికి కేసు కాలపరిమితి ఏడాది. ఆ గడువు దాటాక చార్జిషీటు వేస్తే ఆ అభ్యంతరం ముందే చెప్పాలి.

వరండాలో “ఒప్పీసుకో” అన్న సలహా దగ్గరికి మళ్ళీ వస్తాను. నేరం ఒప్పుకున్నాక అప్పీలు శిక్ష ఎంత, చట్టబద్ధమా అన్నదాని మీదే ఉంటుంది. నేను తాగలేదు, మిషన్ తప్పు అని ఇక ఎవరికీ చెప్పుకోలేడు. రికార్డులో మొదటి నేరం పడుతుంది కాబట్టి రెండోసారి పట్టుబడితే రెండేళ్ళ సెక్షన్ మీదికొస్తుంది. లైసెన్సు సస్పెండు కావచ్చు. స్కూలు బస్సుకో అంబులెన్సుకో డ్రైవరు పని అడగబోతే ఆ కాగితం ముందుకొస్తుంది. నిజంగా తాగి నడిపినవాడు ఒప్పుకోవడం నిజాయితీ, దాన్ని నేను కాదనను. కానీ తనకు అనుమానం ఉన్నా పని పోతుందని ఒప్పుకోవడం వేరు. ఆ తేడా చూసేందుకే లాయరు కావాలి.

ఇంకొక చిక్కు బీమా. క్రిమినల్ కేసులో సాంకేతిక లోపం మీద గెలిచినవాడు బీమా కంపెనీ దగ్గర కూడా గెలిచాననుకోకూడదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో, ఊపిరి పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ లేకపోయినా, మిగతా పరిస్థితులను బట్టి తాగి నడిపాడని బీమా కంపెనీ రుజువు చేయవచ్చని తేల్చింది. ప్రమాదం చేసి పరీక్ష తప్పించుకున్నవాడికి ఆ తీర్పు దారి మూసింది.

పోలీసు అధికారులకు ఒక విన్నపం. బారికేడు పెట్టండి, ఎన్ని రాత్రులైనా పెట్టండి. ఇంటికి చేరాల్సిన మనుషులను మీరు కాపాడుతున్నారు. కానీ ప్రతి మనిషికీ అతని కళ్ళెదురుగా కొత్త గొట్టం కవరు చింపండి, ఖాళీ పరీక్ష అతనికి చూపించండి, చీటీ నకలు అతని చేతికివ్వండి, అనుమానానికి కారణం రెండు ముక్కలు రాయండి. దగ్గర్లోని ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇవన్నీ చేసిన కేసును ఏ లాయరూ కదిలించలేడు.

సమన్లు అందుకున్నవాళ్ళకు ఒక మాట. వరండాలో ఒప్పుకోకముందు ఆ చీటీ తీసుకుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, తక్కువ ఆదాయం ఉన్న మిగతావారికీ ఇస్తారు. ఫోను చేయాలంటే 15100.